అత్తమ్మ ఏరిన చిందీ

నేను చిందీ వ్యాపారం చేస్తాను. భివండీలో ఈ మాట చెబితే ఎవరూ మళ్లీ అడగరు. బయటివాళ్లకు మాత్రం విడమరచి చెప్పాలి. పవర్‌లూమ్ మగ్గాలను మేము సాంచాలంటాం. సాంచా మీద కొత్త బీము, అంటే పడుగు పోగులు చుట్టిన పెద్ద రోలరు, ఎక్కించినప్పుడు మొదట కొంత బట్ట పనికిరాకుండా పోతుంది. బీము అయిపోయేటప్పుడు చివర కొంత పోతుంది. మధ్యలో నూనె మరక పడ్డ చోట, పోగులు తెగి జల్లెడలాగా అయిన చోట కత్తిరించి పారేస్తారు. ఆ ముక్కలే చిందీ. కార్ఖానాల నుంచి వాటిని టెంపోలో ఎత్తుకొచ్చి, ఏరి, బస్తాలకు కట్టి, యంత్రాలు తుడవడానికి బట్ట కావలసిన వాళ్లకు చేరవేస్తాను. లారీ గ్యారేజీలు, లేతు మిషన్ల వర్క్‌షాపులు, పూర్ణ అనే ఊరి వైపు గోదాములు, ఠాణే దారిలో ఒక ప్రింటింగ్ ప్రెస్సు, ఇవీ నా గిరాకీలు.

ఈ వ్యాపారంలో ఒక తిరకాసు ఉంది. కిరాణా కొట్టులో చక్కెర అయిపోతే ఇంకో బస్తా తెప్పించుకుంటారు. నేను అలా తెప్పించుకోలేను. చిందీ కోసమని ఎవరూ బట్ట నెయ్యరు. సాంచాలు సాఫీగా నడిచిన వారం నాకు సరుకు తక్కువ. బీములు ఎక్కువగా మారిన వారం ఎక్కువ. అందుకని వచ్చినంత తెచ్చుకోవడం, తెచ్చినంత వెంటనే పంచేయడం నాకు అలవాటు. పొద్దున పదింటికల్లా గిరాకీలకు సరుకు వేసేవాణ్ణి. పన్నెండు గంటలకు గైబీ నగర్ సందుల్లో కొత్త సరుకు ఎత్తుకునేవాణ్ణి. మధ్యాహ్నం నా భార్యా నేనూ మా గాలాలో, అంటే అద్దెకు తీసుకున్న రేకుల గదిలో, తెల్లవి ఒక కుప్ప, రంగువి ఒక కుప్ప ఏరేవాళ్లం. మర్నాడు మళ్లీ అదే. చాలా ఏళ్లు ఇలాగే నడిచింది. బాగానే ఉందనుకున్నాను.

ఒకనాడు ఆ ప్రింటింగ్ ప్రెస్సు ఫోర్‌మన్ ఫోన్ చేశాడు. ఆయన మరాఠీ ఆయన, అరవైకి దగ్గర పడ్డవాడు. గొంతు పెంచలేదు. "నువ్వు ఒకసారి వచ్చి పో. ఫోన్‌లో చెప్తే నీకు అర్థం కాదు" అని మాత్రం హిందీలో అన్నాడు.

వెళ్లాను. అన్నేళ్లు సరుకు వేసినా నేను ఎప్పుడూ గేటు దగ్గరే బస్తాలు దించి వచ్చేవాణ్ణి. లోపలికి పోవడం అదే మొదటిసారి. ఆయన ఒక మిషన్ ఆపించి, సిరా అంటిన రబ్బరు సిలిండరు చూపించాడు. నేను పంపిన తెల్ల ముక్క ఒకటి తీసి దాన్ని తుడిచాడు. సిరా బట్టకు అంటలేదు. సిలిండరు మీదే అటూ ఇటూ పాకింది. ఇంకో ముక్క తీశాడు. అది కాస్త పీల్చింది గానీ, రబ్బరు మీద సన్నటి పోగులు వదిలింది. తర్వాత తన సొరుగులో నుంచి ఒక పాత బనియన్ ముక్క తీసి ఒక్కసారి తుడిచాడు. సిలిండరు శుభ్రంగా వచ్చింది.

"ఈ ఒక్క పోగు కాగితం మీద గీతలాగా పడుతుంది. మొత్తం కట్ట పారేయాలి. నువ్వు తెలుపు చూసి పంపుతున్నావు. నాకు కావలసింది తెలుపు కాదు, కాటన్" అన్నాడు.

ఆయన టీ తెప్పించాడు. కాటన్ బట్ట తేగలనేమో రెండు మూడు నెలలు చూస్తానన్నాడు. ఆరు బస్తాలు వెనక్కి వేసుకుని ఇంటికి వచ్చాను. దారంతా నాకు ఆ రబ్బరు సిలిండరే కనబడింది. నా చేతి మీదుగా అంత బట్ట పోయింది, అది ఏ పనికి పోతుందో నేను ఒక్కసారీ చూడలేదే అనిపించింది.

అప్పటికి మా అత్తమ్మ మా ఇంట్లో ఉండబట్టి నాలుగు నెలలు. ఆమె సిరిసిల్ల వైపు నుంచి పెళ్లయి భివండీ వచ్చిన మనిషి. గైబీ నగర్‌లో ఒకే కార్ఖానాలో ముప్పై ఏళ్లు కండెలు చుట్టింది. మోకాళ్లు నొప్పి పెట్టి పని మానేశాక, వరాలా తలావ్ చెరువు దగ్గరి మా రెండు గదుల ఇంటికి తీసుకొచ్చుకున్నాం. గాలా మా ఇంటి వెనక సందులోనే. ఇంట్లో ఊరికే కూర్చోవడం ఆమెకు చేతకాదు. రోజూ మధ్యాహ్నం గాలాకు వచ్చి మూలన పీట మీద కూర్చుని మేము పని చేస్తుంటే చూసేది. అల్లుడి వ్యాపారంలో కలగజేసుకోకూడదని కాబోలు, ఒక్క మాటా అనేది కాదు.

నేను బస్తాలు దించుతుంటే నా మొహం చూసి నా భార్య అడిగింది. "ఏమైంది? మాల్ ఎందుకు వాపస్ తెచ్చినవ్?"

ప్రెస్సులో జరిగింది చెప్పాను. అత్తమ్మ పీట మీద నుంచి లేచి వచ్చి ఒక బస్తా మూతి విప్పింది. ముక్క తీసి పిడికిట్లో గట్టిగా నలిపి, వదిలి చూసింది. పక్కన పెట్టింది. ఇంకోటి తీసింది. కళ్లు ఆ ముక్కల మీద లేవు, నా మీద ఉన్నాయి. చేతులు మాత్రం పని చేస్తున్నాయి. కాసేపటికి ఆమె ముందు మూడు కుప్పలు తయారయ్యాయి.

"గిది నూలు" అంది. "గిది నూలు, పాలిస్టర్ కలిపిన మిక్సు. గా పెద్ద కుప్ప అంత ఉత్త పాలిస్టర్."

"చూడకుండ ఎట్ల చెప్తున్నరు అత్తమ్మా?"

"పిడికిట్ల పట్టి వదిలితే నూలు నలిగినట్టే ఉంటది. పాలిస్టర్ మళ్ల లేస్తది. గింత దానికి కండ్లు ఎందుకు?"

నాకు నమ్మకం కుదరక ప్రతి కుప్పలోంచీ నాలుగు పోగులు తీసి అగ్గిపుల్లతో కాల్చాను. నూలు అన్నది కాగితంలా కాలి బూడిదైంది. పాలిస్టర్ అన్నది ముడుచుకుని నల్లటి పూసలాగా గట్టిపడింది. ఒక్కటి కూడా తప్పలేదు. నా భార్య నవ్వు ఆపుకుంటూ అటు తిరిగింది.

ఆ రోజు నుంచి అత్తమ్మ పీట మూల నుంచి గాలా నడిమధ్యకు జరిగింది. ఎనిమిది బస్తాలు ఏరితే ఒక బస్తా నూలు వచ్చేది. ఆమె వేళ్లు ఎంత చురుకైనవైనా, ఎనిమిది బస్తాలు ఏరడానికి రెండు రోజులు పట్టేది. పైగా దొరికిన నూలు ముక్కల్లో సగం నూనెతో, పాలిస్టర్ పోగులతో కలిసి ముద్దలాగా ఉండేవి. "కలవక ముందు పట్టాలె అల్లుడా. కలిసినంక ఏరుడు పెద్ద తిప్పల" అంది.

నిజమే కదా అని మర్నాడే కార్ఖానాల సేట్లందరి దగ్గరికీ వెళ్లాను. నూలు బీము నడిచే సాంచాల చిందీ వేరే బస్తాలో వేయించమని అడిగాను. గుర్తు ఉంటుందని పసుపు రంగు బస్తాలు కొని ఇచ్చాను. అందరూ మంచి మనుషులే. "హో జాయేగా" అన్నారు. వారం తర్వాత చూస్తే నా పసుపు బస్తాల్లో ఒకటి చాయ్ దుకాణం ముందు కాళ్లు తుడుచుకునే పట్టా అయింది. ఇంకోదాంట్లో ఎవరో ఉల్లిగడ్డలు పోసుకున్నారు. ఒకటి సాంచా కింద నూనె కారకుండా పరిచి ఉంది. చిందీ మాత్రం ఎప్పటిలాగే సందు మూలన ఒకే కుప్పగా పడి ఉంది.

ఇంటికొచ్చి విసుక్కున్నాను. అత్తమ్మ అన్నం పెడుతూ అడిగింది.

"నువ్వు ఎవలతోని మాట్లాడినవ్?"

"సేట్లతోని."

"సేటు ఎన్నడన్న చిందీ ముట్టుకున్నడా?"

నేను అన్నం కలుపుతుంటే ఆమే చెప్పింది.

"కార్ఖానల ఊడ్చెటోళ్లు ఆడోళ్లు. చిందీ ఎత్తేది వాళ్లే, నింపేది వాళ్లే. నువ్వు గిన్నేండ్లు పోతున్నవ్, వాళ్లల్ల ఒక్కదాంతోనన్న మాట్లాడినవా?"

మాట్లాడలేదు. వాళ్లు నాకు కనబడుతూనే ఉండేవాళ్లు. తలకు గుడ్డ కట్టుకుని, కనుబొమల మీద తెల్లటి దూది నూగుతో సందులో ఎదురయ్యేవాళ్లు. నేను పక్కకు తప్పుకుని బస్తాలు ఎత్తుకుని వచ్చేవాణ్ణి.

మర్నాడు అత్తమ్మ తానూ వస్తానంది. మోకాళ్ల నొప్పితో టెంపో ఎక్కడం కష్టమని నా భార్య వద్దంది. "ఎక్కినంక కూసునుడే కదా" అని, ఒక స్టూలు వేయించుకుని ముందు సీట్లో ఎక్కింది. కళ్లు మూసుకుని చిన్నగా ప్రార్థన చేసుకుని, ఇక పోనిమ్మంది. ప్రతి ఆదివారం చర్చిలో ఆమె ప్రార్థన చాలా పొడుగు. ఆ రోజు మాత్రం రెండు మాటల్లో ముగించింది.

గైబీ నగర్‌లో ఆమెను నలుగురు గుర్తు పట్టారు. సాంచాల చప్పుడులో మాట వినబడదు కాబట్టి సందు చివర పంపు దగ్గర నిలబడ్డాం. ఊడ్చే ఆడవాళ్లు ఐదుగురు వచ్చారు. ఇద్దరు మన తెలుగువాళ్లు, ఒకామె ఉత్తర ప్రదేశ్ మనిషి, ఇద్దరు మరాఠీవాళ్లు. అందరిలో పెద్దామె కరీంనగర్ వైపు మనిషి. అత్తమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, మోకాళ్ల గురించీ పిల్లల గురించీ చాలాసేపు మాట్లాడింది. నేను గడియారం చూసుకుంటున్నాను. ఆ తర్వాతే అసలు సంగతి అడిగింది.

పెద్దామె నావైపు తిరిగి చెప్పింది. "అన్నా, మేము పొద్దుగాల ఎనిమిదింటికి షిఫ్టు పాళీ మారంగనే ఊడుస్తం. అప్పుడు ఏ సాంచాది ఆ సాంచా కాడ్నే ఉంటది, కలవది. నీ టెంపో పన్నెండింటికి వస్తది. గప్పటిదాంక కార్ఖానల పెట్టనియ్యరు, కాళ్లకు అడ్డమని కార్ఖాన చూసుకునే ముకద్దం ఒర్లుతడు. మేము గుంజుకపోయి గా మూలకు ఏస్తం. ఉన్నది ఒక్కటే మూల. అక్కడ అన్నీ కలుస్తయ్."

"మరి నాకు ఎన్నడు చెప్పలేదేంది?"

"నువ్వు ఎన్నడు అడిగినవ్?" అంది. కోపంగా కాదు, ఉన్న మాట చెప్పినట్టు.

పన్నెండింటికి సందులు ఖాళీగా ఉంటాయి, టెంపో సులువుగా తిరుగుతుంది. నేను ఆ వేళ పెట్టుకున్న కారణం అంతే. ఆ సులువు కోసం ఐదుగురు ఆడవాళ్లు రోజూ బస్తాలు మోసి, అంత దూరం లాగి, నాకు సరుకు పాడు చేసి ఇస్తున్నారు. పాళీ మారే వేళకే వస్తానని చెప్పాను. వాళ్లు చేసే పనికి నెలనెలా వాళ్లకే నేరుగా కొంత ఇస్తానన్నాను. పెద్దామె తల ఊపి, ఇంకో మాట అడిగింది. ఆమె కూతురికి నెలలు నిండుతున్నాయి. పసిపిల్ల కింద వేయడానికి మెత్తటి నూలు ముక్కలు కొన్ని కావాలి. "కొత్తవి కొంటే గరుకుగ ఉంటున్నయ్" అంది. అత్తమ్మ అది మనసులో రాసుకుంది. తర్వాతి వారమే పెద్ద ముక్కలు పదిహేను ఏరి, రెండుసార్లు ఉడకబెట్టి, ఆరబెట్టి తీసుకెళ్లి ఇచ్చింది.

చెప్పడం తేలిక, చేయడం కష్టమైంది. ఎనిమిదింటికి నేను గైబీ నగర్‌లో ఉంటే, పదింటికల్లా గిరాకీలకు సరుకు వేసేది ఎవరు? ఆ వేళకు సందుల్లో నూలు లారీలు, స్కూలు పిల్లలు, పాలవాళ్లు. మొదటి రోజు రెండు కార్ఖానాల దగ్గర ఎత్తుకునేసరికే తొమ్మిదిన్నర అయింది. ఒక గ్యారేజీ వాడు ఫోన్ మీద ఫోన్. ఆ సాయంత్రం ముగ్గురం గాలాలో కూర్చున్నాం.

నా భార్య అంది. "ఇయ్యాల తెచ్చింది ఇయ్యాలనో రేపో అమ్మాలె అని ఎవరు చెప్పిండ్రు? ఒక వారం మాల్ ముందుగాల్ల జమ చేసి పెట్టుకుందాం. గిరాకీలకు అండ్లకెల్లి ఇద్దాం. నువ్వు పొద్దుగాల ఎత్తుకొస్తే, ఇచ్చుడు పగటీలి పెట్టుకుందాం."

"గిరాకీలు ఒప్పుకోవద్దా?"

"అడుగుదాం. సేట్లను అడిగినట్టు కాదు, బట్టతోని తుడిచెటోళ్లను అడుగుదాం."

ఆమే ఫోన్లు చేసింది. ప్రతి గ్యారేజీలో, ప్రతి వర్క్‌షాపులో మిషన్ దగ్గర నిలబడే మనిషిని పిలిపించి మాట్లాడింది. ఏ వేళకు వస్తే మంచిది, ఎలాంటి బట్ట కావాలి, వారానికి ఎంత అవుతుంది అని అడిగి ఒక కాగితం మీద రాసుకుంది. అది విని నాకే ఆశ్చర్యమైంది. గ్యారేజీలకు నూనె పీల్చే బట్ట కావాలి గానీ, శుభ్రతతో పని లేదు. మిక్సు చాలు. గోదాముల్లో నేల తుడవడానికీ, పెట్టెల మధ్య కుక్కడానికీ పాలిస్టర్ అయినా సరే. లేతు మిషన్ల వాళ్లకు ఇనుప రజను గుచ్చుకోకుండా దళసరి బట్ట కావాలి. ఉత్త నూలు అవసరమైంది ఆ ప్రెస్సు ఒక్కదానికే. నేను అందరికీ తెలుపూ రంగూ చూసి పంచాను. ఎవరికి కావలసింది వాళ్లకు చేరలేదు. పదింటికే కావాలని పట్టుబట్టినవాడు కూడా ఒక్కడే. మిగతావాళ్లకు మూడు గంటలైనా ఇబ్బంది లేదట.

వారం సరుకు జమ చేయడానికి మాకు నెల పట్టింది. గాలాలో వెదురు బొంగులతో మూడు అరలు కట్టించాను. పైన నూలు, నడుమ మిక్సు, కింద పాలిస్టర్. తల్లీకూతుళ్లకు ఆ అరల గురించి రెండు రోజులు వాదన జరిగింది. నూలుకు చెమ్మ తగలకూడదు, పైన ఉండాలని అత్తమ్మ. వారానికి ఒక్కసారి తీసేది చేతికందని చోట పెట్టాలని కూతురు. ఇద్దరి మాటా ఒకటేనని నాకు అర్థమై, నూలు బస్తాలు పైకి ఎక్కించాను.

ఇంకొక చిక్కు మిగిలింది. సాంచా మీది కొత్త బట్టకు గంజి ఉంటుంది. నూలైనా ఆ గంజి పోయేదాకా సిరా పీల్చదు. పెద్ద గంగాళంలో సోడా వేసి ఉడకబెట్టి, మేడ మీద తాళ్లు కట్టి ఆరేశాం. మా మేడ మీద వందల తెల్ల ముక్కలు ఆరుతుంటే, పక్కింటివాళ్లు ఏదైనా పండుగా అని అడిగారు. వానాకాలంలో మేడ పనికిరాలేదు. గాలాలోనే అడ్డంగా తాళ్లు కట్టి, రెండు ఫ్యాన్లు పెట్టాం. వాటి మధ్య నుంచి వంగి నడవడం అందరికీ అలవాటైంది.

ఒకరోజు రెండు బస్తాలు తీసుకుని ప్రెస్సుకు వెళ్లాను. ఈసారి నేనే లోపలికి తీసుకెళ్లాను. ఫోర్‌మన్ ఒక ముక్క తీసి సిలిండరు తుడిచాడు. వెలుతురుకు ఎత్తి రబ్బరు చూశాడు. ఇంకోసారి, ఇంకో బస్తాలోంచి తీసి తుడిచాడు. ఒక బస్తాను కాలితో మెల్లగా తన బల్ల కిందికి నెట్టుకున్నాడు. అది చూసి నాకు కడుపు నిండింది.

"వారానికి ఇలాంటివి ఆరు వేయగలవా?" అని అడిగాడు.

ఇదివరకైతే వెంటనే సరేననేవాణ్ణి. దొరకని వారం పాలిస్టర్ కలిపేసేవాణ్ణి, అందులో తప్పు ఉందని కూడా తెలియకుండా. ఈసారి చెప్పాను. "మూడు. నూలు బీము దిగి వేరే బీము ఎక్కితే రెండు. అంతకు మించి నూలు దొరకదు."

ఆయన నవ్వాడు. "మూడే పంపు. కానీ ఎప్పుడు రెండు వస్తాయో ముందు చెప్పు" అన్నాడు.

ముందు చెప్పడానికి నాకు దారి కూడా దొరికింది. ఏ సాంచా మీద నూలు బీము ఎక్కిందో, ఏది దిగిపోతుందో సేట్ల కన్నా ముందు ఆ ఊడ్చే ఆడవాళ్లకు తెలుస్తుంది. పెద్దామె మిస్డ్ కాల్ పద్ధతి పెట్టింది. ఒకసారి మోగితే నూలు బీము ఎక్కినట్టు. రెండుసార్లు మోగితే దిగినట్టు. నా భార్య అది గోడ మీద గీతలు గీసి గుర్తు పెడుతుంది. ఒకరోజు వరుసగా ఏడుసార్లు మోగింది. ఏం జరిగిందోనని కంగారుగా తిరిగి చేస్తే, కూతురికి కొడుకు పుట్టాడని చెప్పడానికి చేసిందట. అది గోడ మీద ఎలా గుర్తు పెట్టాలని నా భార్య అడిగితే, అత్తమ్మ పెద్దగా నవ్వింది.

ఇది జరిగి మూడేళ్లు దాటింది. వ్యాపారం పెద్దదేమీ కాలేదు. అదే టెంపో, అదే గాలా. ఇప్పుడు ఎవరికి ఏ బట్ట పోతుందో, అది ఏం తుడుస్తుందో నాకు తెలుసు. ఆ పనులు చేసేవాళ్ల మొహాలు కూడా తెలుసు. అత్తమ్మ దగ్గర ఇద్దరు ఆడవాళ్లు ఏరడం నేర్చుకున్నారు. పిడికిట్లో పట్టి వదలడం వాళ్లకూ వచ్చింది గానీ, అనుమానం వస్తే ఆమె ముందు పెడతారు. ఆమె ముట్టుకుని, ఏ కుప్పలో పడాలో అందులో వేస్తుంది.

శుక్రవారం సాంచాలకు సెలవు, కాబట్టి గురువారం సాయంత్రాలు నాకు తొందర ఉండదు. నిన్న నా భార్యా నేనూ వరాలా తలావ్ గట్టు మీద నడుస్తూ వేడి మక్క కంకులు కొనుక్కున్నాం. వాళ్లమ్మకు కూడా ఒకటి, నమలడానికి వీలుగా లేతది చూసి తీసుకోమని నా భార్య అంది. బండి దగ్గర నిలబడి లేత కంకి కోసం నాలుగు తొక్కలు విప్పించాను. బండామె విసుక్కోలేదు. కంకి చల్లారకుండా కాగితంలో చుట్టి ఇచ్చింది, మేము కాస్త వేగంగా ఇంటికి నడిచాం.